కోబర్గ్ అంత చిన్న డచీ నుంచి ఇన్ని దేశాలకి రాజులు ఎలా వచ్చారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బ్రిటన్, బెల్జియం, పోర్చుగల్, బల్గేరియా, నాలుగు చోట్లా రాజవంశం పేరు సాక్స్-కోబర్గ్ అనే కనిపిస్తోంది, మ్యాప్‌లో చూస్తే జర్మనీలోని ఆ కోబర్గ్ డచీ (డ్యూక్ ఏలే సంస్థానం) మన జిల్లాలో సగం కూడా లేదు, అంత చిన్న జమీందార్లు యూరప్ అంతా ఎలా పాకారు, డబ్బుతోనా యుద్ధంతోనా, ఇప్పుడు వాళ్ళు ఉన్నారా అని.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. యుద్ధం కాదు. డబ్బు కూడా కాదు, ఒక్క చోట తప్ప (అది కింద చెప్తా). వాళ్ళు చిన్నవాళ్ళు కావడమే వాళ్ళ పెట్టుబడి. హోదాలో ఏ చక్రవర్తి ఇంటికైనా సరితూగే సంబంధం, బలంలో ఎవరికీ భయం కలిగించని ఇల్లు. ఈ రెండూ ఒకే చోట దొరికేది జర్మనీలోనే, అక్కడ అలాంటి ఇళ్ళు డజన్ల కొద్దీ ఉండేవి. కోబర్గ్ వాళ్ళు అందరికంటే బాగా, మూడు తరాల పాటు వరసగా వియ్యాలు అందుకున్నారు, అంతే.

నేను జర్మనీలో ఒక లైబ్రరీలో పధ్నాలుగేళ్ళుగా పాత పుస్తకాలు, కుటుంబాల ఉత్తరాలు క్యాటలాగింగ్ చేస్తున్నాను. ఈ వంశవృక్షాలతో రోజూ పనే. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మొదట ఆ జమీందార్ అనే మాట పక్కన పెట్టండి, అక్కడే చాలామంది దారి తప్పుతారు. జమీందార్ శిస్తు వసూలు చేసి పై వాళ్ళకి కట్టేవాడు. కోబర్గ్ డ్యూక్ అలా కాదు, పేరుకి పైన హోలీ రోమన్ చక్రవర్తి ఉన్నా తన నేల మీద చట్టం తనదే, కోర్టు తనదే, పన్ను తనదే, నాణెం తనదే, ఉన్న నాలుగు వందల మంది సైనికులో అయిదు వందల మందో వాళ్ళూ తనవాళ్ళే. 1648 వెస్ట్‌ఫాలియా సంధి తర్వాత ఇలాంటివి, పెద్దవీ చిన్నవీ బిషప్పులవీ నగరాలవీ అన్నీ కలిపితే దాదాపు మూడు వందలు. అంటే నేల చిన్నదే గానీ ఆయన లెక్కకి పాలకుడే, కాబట్టి ఆయన కూతురు ఒక పాలకుడి కూతురు.

మరి అన్ని ముక్కలు ఎందుకయ్యాయి అంటే, ఆస్తి పంపకాలు. ఇది మనకి వేరే చెప్పక్కర్లేదు కదా. ఎలక్టర్ల (చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న పాలకుల) నేల ముక్కలు చెయ్యకూడదని 1356లో గోల్డెన్ బుల్ అనే శాసనం చెప్పింది, బ్రాండెన్‌బర్గ్ హోహెన్‌జోలర్న్‌లు 1473లోనే పెద్దకొడుక్కే మొత్తం బ్రాండెన్‌బర్గ్ అని రాసుకున్నారు, అందుకే వాళ్ళు పెరిగి ప్రష్యా అయ్యారు. కోబర్గ్ వాళ్ళకి మూలమైన సాక్సనీ వెట్టిన్ వంశం మాత్రం 1485లో లైప్‌జిగ్ దగ్గర అన్నదమ్ములిద్దరూ, ఎర్న్‌స్ట్, ఆల్బ్రెహ్ట్, పంచుకున్నారు. ఎర్న్‌స్ట్ శాఖ వాళ్ళు ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్‌ని కాపాడిన వాళ్ళు, 1547 మ్యూల్‌బర్గ్ యుద్ధంలో ఓడి ఎలక్టర్ పదవి ఆల్బ్రెహ్ట్ శాఖకి పోగొట్టుకున్నారు. మిగిలిన నేలని మళ్ళీ మళ్ళీ పంచుకుంటూ పోయారు. 1675లో ఆ శాఖలోనే గోథా డ్యూక్, భక్తుడు అని పేరున్న ఇంకో ఎర్న్‌స్ట్ చనిపోతే ఏడుగురు కొడుకులు, 1680 కల్లా ఏడు డచీలు: గోథా, కోబర్గ్, మైనింగెన్, ర్యోమ్‌హిల్డ్, ఐజెన్‌బర్గ్, హిల్డ్‌బుర్గ్‌హౌజెన్, జాల్‌ఫెల్డ్. ఒక్కో కొడుక్కి ఒక కోట, ఒక చర్చి, ఒక ఆర్కెస్ట్రా, దానితో పాటే అప్పులు. కోబర్గ్-జాల్‌ఫెల్డ్ వాళ్ళ అప్పు పది లక్షల థాలర్లు (అప్పటి వెండి నాణేలు) దాటి 1773లో చక్రవర్తే అప్పుల కమిషన్ వేసి వాళ్ళ ఖర్చు మీద నిఘా పెట్టాడు. ఆ ఇంటి నుంచే ఇంకో అరవై డెబ్బై ఏళ్ళలో ఇంతమంది రాజులు వచ్చారంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

రెండో కారణం పెళ్ళి రూలు. జర్మన్ రాచకుటుంబాల్లో ఎబెన్‌బ్యుర్టిగ్‌కైట్ అని ఒకటుంది, పుట్టుకలో సాటి అన్నమాట. పాలక వంశం వాడు పాలక వంశం పిల్లనే చేసుకోవాలి, లేకపోతే పిల్లలకి గద్దె హక్కు లేదు. ఎంత డబ్బున్నా పాలన లేని కౌంట్ కూతురైతే కుదరదు. రష్యా జార్ కొడుక్కి పిల్ల కావాలంటే ఎక్కడ వెతుకుతారు? ఫ్రాన్స్, స్పెయిన్, ఆస్ట్రియా క్యాథలిక్కులు, వాళ్ళ అమ్మాయి మతం మార్చుకుని రష్యా వాళ్ళ ఆర్థొడాక్స్ చర్చిలో చేరడం జరిగే పని కాదు. జర్మన్ లూథరన్ ఇళ్ళల్లో అది సర్దుకుపోయే విషయం. ఆన్‌హాల్ట్-జెర్బ్‌స్ట్ అనే ఇంకా చిన్న సంస్థానం పిల్ల సోఫీ అలా వెళ్ళే కేథరిన్ ది గ్రేట్ అయింది.

ఇప్పుడు అసలు కోబర్గ్ కథ. దీన్ని వంశవృక్షంలా కాకుండా ఒక గొలుసులా చూడండి, ఒక లింకు తెగితే తర్వాతది లేదు.

1795లో ఆ కేథరినే తన మనవడు కాన్‌స్టాంటిన్‌కి సంబంధాలు చూస్తూ కోబర్గ్ నుంచి ముగ్గురు అక్కచెల్లెళ్ళని పీటర్స్‌బర్గ్‌కి పిలిపించింది, తల్లి ఆగుస్టె వెంట వెళ్ళింది. ముగ్గురిలో చిన్నది యులియానె, పద్నాలుగేళ్ళు, ఆమెని ఎంచుకున్నారు, 1796లో పెళ్ళి. ఆ పిల్ల అక్కడ ఏమాత్రం సుఖపడలేదు, 1801లో రష్యా వదిలేసింది, చివరికి స్విట్జర్లాండ్‌లో బెర్న్ దగ్గర ఒంటరిగా బతికింది. ఆమె గురించి ఎవరూ ఎక్కువ రాయరు, కానీ ఈ గొలుసులో మొదటి లింకు ఆమే. ఎందుకంటే ఆ సంబంధం వల్ల, నెపోలియన్ ఆక్రమించిన కోబర్గ్‌ని 1807 టిల్సిట్ సంధిలో రష్యా మాట మీద తిరిగిచ్చారు. ఆ సంబంధం వల్లే ఆమె చిన్న తమ్ముడు లియోపోల్డ్ రష్యా సైన్యంలో ఆఫీసర్ అయ్యాడు.

లియోపోల్డ్ 1814లో జార్ పరివారంతో లండన్ వెళ్ళాడు. బ్రిటన్ గద్దెకి వారసురాలు ప్రిన్సెస్ షార్లెట్ కంట్లో పడ్డాడు. 1816లో పెళ్ళి. 1817 నవంబర్‌లో ఆమె కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. అప్పటికి ముసలి రాజు మూడో జార్జ్‌కి అంతమంది పిల్లలున్నా చట్టబద్ధమైన మనవడు గానీ మనవరాలు గానీ ఒక్కరూ మిగల్లేదు. దాంతో పెళ్ళికాని కొడుకుల్లో కొందరు నలభైల్లో, యాభైల్లో పెళ్ళిళ్ళకి పరిగెత్తారు, వాళ్ళలో కెంట్ డ్యూక్ చేసుకుంది ఎవరినంటే లియోపోల్డ్ అక్క విక్టోరియాని, లైనింగెన్ ప్రిన్స్ విధవ. 1819 మే 24న వాళ్ళకి పుట్టిన పాపే తర్వాత క్వీన్ విక్టోరియా. మూడు నెలల తర్వాత ఆగస్టు 26న కోబర్గ్ దగ్గర రోజెనౌలో ఆల్బర్ట్ పుట్టాడు. ఇద్దరికీ పురుడు పోసింది ఒకే మంత్రసాని, షార్లోటె ఫోన్ జీబోల్డ్.

ఇక్కడ మన భాష ఎంత పనికొస్తుందో చూడండి. ఇంగ్లీషు పుస్తకాల్లో అందరూ కజిన్లే, అందరూ అంకుల్సే, చదివేవాడికి ఏమీ అర్థం కాదు. నేను వృక్షం గీసేటప్పుడు పక్కన తెలుగు వరసలు రాసుకుంటాను, వెంటనే అంతా విడిపోతుంది. ఆల్బర్ట్‌కి విక్టోరియా మేనత్త కూతురు. అంటే అచ్చంగా మేనరికం. లియోపోల్డ్ ఆమెకి మేనమామ, అతనికి చిన్నాన్న, అటూ ఇటూ కావాల్సినవాడు, ఈ సంబంధం కుదర్చడానికి ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపింది ఆయనే. 1840 ఫిబ్రవరి 10న పెళ్ళయ్యాక ఆల్బర్ట్ ఎవరంటే ఇల్లరికపు అల్లుడు. ప్రిన్స్ కన్సార్ట్ అనే మాటకి ఇంతకంటే మంచి తెలుగు నాకు తెలీదు, ఆయన ఉత్తరాలు చదివితే ఆ ఇల్లరికపు బాధ మొత్తం కనిపిస్తుంది కూడా.

ఈ లోపల లియోపోల్డ్ స్వయంగా రాజయ్యాడు. ఇది మూడో కారణం, బహుశా అన్నిటికంటే ముఖ్యమైనది: 19వ శతాబ్దంలో కొత్త దేశాలు పుట్టాయి, వాటికి రాజులు కావాల్సి వచ్చారు. బెల్జియం 1830లో నెదర్లాండ్స్ నుంచి విడిపోయింది. వాళ్ళు ముందు ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ కొడుకుని ఎన్నుకున్నారు, బ్రిటన్ ఊరుకోదని తండ్రే వద్దన్నాడు. బ్రిటన్ మనిషిని పెడితే ఫ్రాన్స్ ఊరుకోదు. అప్పుడు లియోపోల్డ్ వచ్చాడు: జర్మన్, కానీ వెనక సైన్యం లేదు. బ్రిటన్ అల్లుడు, కానీ భార్య పోయింది. ఫ్రాన్స్‌ని శాంతపరచడానికి మరుసటి ఏడాదే లూయీ ఫిలిప్ కూతుర్ని చేసుకున్నాడు. తను లూథరన్‌గానే ఉండి పిల్లల్ని క్యాథలిక్కులుగా పెంచాడు. 1831 జులై 21న ప్రమాణం చేశాడు, ఇప్పటికీ అది బెల్జియం జాతీయ దినం. అంతకు ముందే గ్రీస్ గద్దె ఇస్తామంటే ఒప్పుకుని తర్వాత వద్దన్నాడు, అది బవేరియా విట్టెల్స్‌బాక్ వంశపు కుర్రాడు ఓటోకి పోయింది. గ్రీస్ విషయంలో అయితే బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా పాలక కుటుంబాల వాళ్ళు ఎవరూ ఉండకూడదని రాతపూర్వకంగానే ఒప్పుకున్నారు. అలా తీసేస్తే మిగిలేది ఎవరు? జర్మన్ చిన్న సంస్థానాల రెండో కొడుకులు, మూడో కొడుకులు.

డబ్బు ఒక్క చోట పనిచేసింది అన్నాను కదా. లియోపోల్డ్ అన్న ఫెర్డినాండ్ 1816లో హంగేరీలో కోహారీ అనే మహా సంపన్నుల ఒక్కగానొక్క కూతుర్ని చేసుకున్నాడు, క్యాథలిక్ అయ్యాడు. ఆ శాఖ నుంచే క్యాథలిక్ దేశాలకి వెళ్ళగలిగారు. పెద్దకొడుకు ఇంకో ఫెర్డినాండ్ 1836లో పోర్చుగల్ రాణి రెండో మరియాకి భర్త, వారసుడు పుట్టాకే రాజు బిరుదు ఇచ్చారు. ఆయన తమ్ముడి కొడుకు ఇంకో ఫెర్డినాండ్ 1887లో బల్గేరియా ప్రిన్స్, 1908లో జార్ అని ప్రకటించుకున్నాడు. కొడుకు బోరిస్‌ని 1896లో ఆర్థొడాక్స్ చేయించాడు. మొత్తం ఒక తాత పిల్లల్లో ఒక శాఖ ఆంగ్లికన్, రెండు శాఖలు క్యాథలిక్, అందులో ఒకటి మళ్ళీ ఆర్థొడాక్స్. అవకాశవాదం అని తీసిపారేసేవాళ్ళు ఉన్నారు, నేనలా అనుకోను. గద్దె ఎక్కిన చోటి జనం మతాన్ని గౌరవించకపోతే అక్కడ నిలవలేమని వాళ్ళు ముందే గ్రహించారు, బవేరియా ఓటో గ్రీస్‌లో క్యాథలిక్‌గానే ఉండిపోయాడు, పిల్లలూ లేరు, 1862లో పంపేశారు.

కోబర్గ్ ఒక్కటే అనుకోకండి. హోహెన్‌జోలర్న్ వాళ్ళ చిన్న శాఖ జిగ్మరింగెన్ నుంచి కార్ల్ 1866లో రొమేనియాకి వెళ్ళాడు, ఆస్ట్రియా మీదుగా రైల్లో స్విస్ పాస్‌పోర్టుతో మారుపేరు పెట్టుకుని. ఆయన అన్న, ఇంకో లియోపోల్డ్‌ని స్పెయిన్ గద్దెకి అనగానే 1870లో ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధమే వచ్చింది, అంటే వెనకాల ప్రష్యా లాంటి బలమైన పెద్దన్న ఉంటే ఈ లెక్క పనిచెయ్యదు, నేను మొదట చెప్పిన పాయింటుకి ఇదే రుజువు. ఓల్డెన్‌బర్గ్ వంశం గ్ల్యుక్స్‌బర్గ్ శాఖ 1863లో డెన్మార్క్ గద్దె ఎక్కింది, అదే ఏడు గ్రీస్ కూడా, 1905లో నార్వే. హనోవర్ వాళ్ళు 1714లో బ్రిటన్ వెళ్ళారు, 1701 చట్టం క్యాథలిక్కులని పక్కన పెట్టడంతో వరసలో యాభై మందికి పైగా దాటేసి మొదటి జార్జ్‌కి దక్కింది. ఇంక విల్‌హెల్మ్ ఫోన్ వీడ్ 1914లో అల్బేనియాలో ఆరు నెలలు ఉండి వచ్చేశాడు. అందరికీ కలిసిరాలేదు.

అలాగని యూరప్ రాజులందరూ జర్మన్లే అన్న మాట కూడా తప్పు. స్వీడన్ బెర్నడోట్‌లు ఫ్రెంచ్, సెర్బియా వాళ్ళు స్థానికులు, ఇటలీది సవోయ్, స్పెయిన్‌ది బోర్బన్.

బంధుత్వం యుద్ధాలని ఆపిందా? ఇది మీరు అడగలేదు గానీ తర్వాత అదే అడుగుతారు. లేదు. 1864లో ప్రష్యా డెన్మార్క్ మీద పడినప్పుడు విక్టోరియా కూతురు ప్రష్యా కోడలు, విక్టోరియా కోడలు డెన్మార్క్ కూతురు, ఒకే భోజనాల బల్ల దగ్గర ఇద్దరికీ పొసగలేదు. 1914కి వద్దాం, మళ్ళీ తెలుగు వరసలు వాడదాం. బ్రిటన్ అయిదో జార్జ్‌కి జర్మనీ కైజర్ విల్‌హెల్మ్ మేనత్త కొడుకు, బావ వరస. రష్యా నికోలస్ పిన్ని కొడుకు, అంటే తమ్ముడు. నికోలస్ భార్య అలిక్స్ ఆ కైజర్‌కి పిన్ని కూతురు, చెల్లెలు. 1894 ఏప్రిల్‌లో కోబర్గ్‌లో ఒక పెళ్ళికి వీళ్ళలో చాలామంది వచ్చారు, నికోలస్ అలిక్స్‌ల నిశ్చితార్థం అక్కడే జరిగింది, ముసలి విక్టోరియా మధ్యలో కూర్చున్న గ్రూప్ ఫోటో ఉంది. ఆ ఫోటో నేను పని చేసే చోట చేతిలోకి వచ్చినప్పుడల్లా కాసేపు ఆగిపోతాను, ఇరవై ఏళ్ళ తర్వాత వీళ్ళ సైన్యాలు ఏం చేసుకున్నాయో తెలుసు కదా. అసలు అప్పటికి నిర్ణయాలు మంత్రులవీ, సైన్యాధికారులవీ, పార్లమెంట్లవీ అయిపోయాయి, పెళ్ళి సంబంధాలకి ఉన్న పట్టు పోయింది.

బ్రిటన్ వాళ్ళు పేరు మార్చుకున్నది ఆ యుద్ధంలోనే. 1917 జూన్‌లో లండన్ మీద బాంబులు వేసిన జర్మన్ విమానాల పేరు గోథా. రాజుగారి ఇంటిపేరు సాక్స్-కోబర్గ్-గోథా, అందులో అదే మాట. జులై 17న విండ్సర్ అయ్యారు. అదే ఊపులో రాజుగారి బంధువుల ఇంటిపేరు బాటెన్‌బర్గ్ కాస్తా మౌంట్‌బాటెన్ అయింది. మన చివరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్ 1900లో పుట్టినప్పుడు బాటెన్‌బర్గ్ ప్రిన్స్ లూయీ. ఈ బాటెన్‌బర్గ్ అనేది కూడా నేను పైన చెప్పిన సాటి రూలు వల్ల పుట్టిన పేరే: హెస్సె ప్రిన్స్ అలెగ్జాండర్ 1851లో యూలియా హౌకె అనే కౌంటెస్‌ని ప్రేమించి చేసుకున్నాడు, ఆమె సాటి కాదు కాబట్టి పిల్లలకి హెస్సె పేరు ఇవ్వలేదు, వేరే బిరుదు కల్పించారు.

మీరు సొంతంగా వంశవృక్షాలు చూడాలనుకుంటే మూడు జాగ్రత్తలు, మూడూ నేను దెబ్బతిని నేర్చుకున్నవి.

నంబర్లు నమ్మొద్దు. ఆల్బర్ట్ తండ్రి కోబర్గ్-జాల్‌ఫెల్డ్‌కి మూడో ఎర్న్‌స్ట్. 1825లో గోథా శాఖ అంతరించింది, 1826 పంపకంలో జాల్‌ఫెల్డ్ ఇచ్చేసి గోథా తీసుకున్నాక ఆయనే మొదటి ఎర్న్‌స్ట్. మనిషి ఒకడే. నేను మొదటి ఏడాదిలో ఒక కట్ట ఉత్తరాలు ఇద్దరు మనుషులవిగా నమోదు చేశాను, రెండేళ్ళ తర్వాత గానీ పట్టుకోలేదు. రాయిస్ వంశం ఇంకా కష్టం, అందులో మగవాళ్ళందరి పేరూ హైన్‌రిహ్, పుట్టిన ప్రతివాడికీ నంబరు, ఒక శాఖ వందదాకా లెక్కపెట్టి మళ్ళీ మొదలుపెడుతుంది, ఇంకో శాఖ శతాబ్దం మారినప్పుడల్లా మొదలుపెడుతుంది. విక్టోరియా అమ్మమ్మ ఆగుస్టె ఆ ఇంటి పిల్లే, ఇరవై నాలుగో హైన్‌రిహ్ కూతురు.

ప్రిన్స్ అనే మాట దగ్గర ఆగండి. జర్మన్‌లో ఫ్యుర్స్ట్ అంటే పాలకుడు లేదా ఆ ఇంటి పెద్ద, ప్రింట్స్ అంటే ఆ కుటుంబంలో పుట్టినవాడు. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రెండూ ప్రిన్స్ అయిపోయి గందరగోళం.

నేల పోతే హోదా పోయిందనుకోవద్దు. 1806 ప్రాంతంలో నెపోలియన్ కాలంలో లైనింగెన్, హోహెన్‌లోహె, ఫ్యుర్‌స్టెన్‌బర్గ్ లాంటి చాలా ఇళ్ళ నేలని పెద్ద రాజ్యాలు మింగేశాయి, కానీ 1815 జర్మన్ సమాఖ్య చట్టం పెళ్ళి విషయంలో వాళ్ళ సాటి హోదాని అలాగే ఉంచింది. గోథా ఊళ్ళోనే 1763 నుంచి అచ్చయిన ఆల్మనాక్‌లో (రాచకుటుంబాల వివరాలిచ్చే వార్షిక పుస్తకం) వీళ్ళకి విడిగా రెండో భాగమే ఉండేది. ఎవరు ఎవర్ని చేసుకోవచ్చో ఆ చిన్న పుస్తకం చూసి తేల్చుకునేవాళ్ళు.

ఇక చివరి ప్రశ్న, ఇప్పుడు ఉన్నారా అంటే ఉన్నారు. జర్మనీలో 1919 వైమర్ రాజ్యాంగం 109వ ఆర్టికల్ రాచ హక్కులు రద్దు చేసింది, బిరుదుని పేరులో భాగంగా మిగిల్చింది. అంటే ప్రింట్స్ ఫోన్ ఫలానా అనేది ఇప్పుడు చట్టం దృష్టిలో ఇంటిపేరు మాత్రమే, గుమ్మం దగ్గర బెల్లు పక్కన అలాగే రాసి ఉంటుంది. ఆస్ట్రియాలో పేరు మధ్యలో వచ్చే ఆ ‘ఫోన్’ (von) అనే బిరుదు మాట కూడా తీసేశారు. బెల్జియంలో లియోపోల్డ్ వారసులే ఇవాళ్టికీ రాజులు. బ్రిటన్ ఛార్లెస్ తండ్రి వైపు నుంచి చూస్తే గ్ల్యుక్స్‌బర్గ్, తల్లి వైపు నుంచి కోబర్గ్. బల్గేరియాలో ఆరేళ్ళ వయసులో జార్ అయి మూడేళ్ళకే దేశం వదిలిన సిమియన్, 2001లో ఎన్నికల్లో గెలిచి ప్రధానమంత్రి అయ్యాడు.

కోబర్గ్, గోథా మాత్రం విడిపోయాయి. రెండూ కలిపినా రెండు వేల చదరపు కిలోమీటర్లు రావు, పైగా ఎప్పుడూ పక్కపక్కన లేవు, మధ్యలో వేరేవాళ్ళ నేల ఉండేది. చివరి డ్యూక్ కార్ల్ ఎడ్వర్డ్ 1918 నవంబర్‌లో దిగిపోయాడు, విక్టోరియా మనవడే, ఇంగ్లండ్‌లో పుట్టాడు, తర్వాత నాజీల్లో చేరాడు, ఆ మచ్చని ఆ ఊరు ఇప్పటికీ మోస్తోంది. 1919లో కోబర్గ్ జనం ఓటేసి బవేరియా వైపు వెళ్ళారు, గోథా తురింగియాలో ఉండిపోయింది. అప్పుడు ఎవరికీ తెలీదు గానీ ఆ ఓటు వల్లే 1945 తర్వాత ఒకటి పశ్చిమ జర్మనీలో, ఒకటి తూర్పు జర్మనీలో పడ్డాయి. బల్గేరియా ఫెర్డినాండ్ గద్దె దిగాక కోబర్గ్‌కే వచ్చి 1948లో అక్కడే చనిపోయాడు, శవపేటికని కోహారీ శాఖ వాళ్ళ చర్చి సెయింట్ ఆగస్టీన్‌లో పెట్టారు. బల్గేరియాలో పాతిపెట్టమన్నది ఆయన కోరిక, అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2024 మే నెలలో ఆ పెట్టెని సోఫియాకి తీసుకెళ్ళారు.